విత్తనపు గొర్రునకు లెక్క చెప్పు చిన్న పెట్టె

వర్షాధారముపై వేరుశనగ పండించు రైతునకు విత్తుటకు చిక్కు దినములు మిక్కిలి తక్కువ. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల ఎర్ర నేలలలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటరులు మాత్రమే. ఒక మంచి వాన పడి పదును కుదిరినపుడు రెండు మూడు దినములలో విత్తుట ముగింపవలెను. ఆ తొందరలో గొర్రు గొట్టములలో ఒకటి మన్నుతో పూడిపోయినచో ట్రాక్టరుపై కూర్చున్నవానికి తెలియదు. ఎనిమిదవ దినముననో, పదియవ దినముననో మొలకలు పైకి వచ్చినపుడు సాళ్లలోని ఖాళీలు కనబడును. అప్పటికి పదును ఆరిపోయి యుండును. తిరిగి విత్తుటకు వీలుండదు.

ఎనిమిది సాళ్ల గొర్రులో ఒక గొట్టము ఎకరము పొడవునను పూడియున్నచో 12½ సెంట్ల నేల బీడు పెట్టినట్లగును. దుక్కి ఖర్చు, ఎరువు ఖర్చు, ట్రాక్టరు బాడుగ మాత్రము ఆ 12½ సెంట్లకును అయి యుండును.

ఎద్దుల గొర్రుతో విత్తునపుడు ఈ చిక్కు ఇంతగా లేదు. జడిగములో గింజలు వదలు మనిషి గొర్రు వెంటనే నడచును. గొట్టము పూడినచో గింజ పైననే నిలిచి కంటికి కనబడును. నేటికిని అట్లు విత్తువారు కలరు. ట్రాక్టరు గొర్రులో ఆ మనిషి లేడు. అతని కన్ను చేయు పనిని కొంతవరకు ఒక చవకైన ఎలక్ట్రానిక్ పెట్టెచేత చేయించవచ్చును. ఐ.టి.ఐ. గాని, డిప్లొమా గాని చదివిన గ్రామ యువకుడు దీనిని కూర్చగలడు. కాని పెట్టె చెప్పు అంకె నమ్మదగినదో కాదో తేల్చవలసినవాడు రైతే. అందులకు కావలసిన సంగతులు ఈ వ్యాసమున వివరింపబడినవి.

పెట్టెకు తెలిసినదేమి?

ఈ పనికి సాధారణముగా వాడు బోర్డు ఆర్డినో ఊనో అనునది. ఆర్డినో బోర్డులు 2005 సంవత్సరమున ఇటలీ దేశమందలి ఇవ్రియా పట్టణమున విద్యార్థుల ఉపయోగార్థము తయారు చేయబడినవి. దాని నమూనా ఎవరైనను చేసికొనుటకు వీలుగా బహిరంగముగా నుంచిరి. కావుననే కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నది.

బోర్డునకు గింజ తెలియదు, మీటరు తెలియదు. తనకు తగిలించిన తీగలో వోల్టేజి ఉన్నదా లేదా అని మాత్రమే దానికి తెలియును. 5 వోల్టులతో నడచునపుడు తీగలో 3 వోల్టులకు పైన ఉన్నచో ‘ఉన్నది’ అనియు, 1½ వోల్టులకు లోపల ఉన్నచో ‘లేదు’ అనియు గ్రహించును. ఈ రెంటికి నడుమ నున్నచో ఏమి చెప్పునో నమ్మకము లేదు. ‘లేదు’ నుండి ‘ఉన్నది’కి మారి తిరిగి మొదటి స్థితికి వచ్చుటను పల్సు అందురు. బోర్డు చేయునది పల్సులను లెక్కించుటయే. ఎన్ని పల్సులు ఒక మీటరో, ఏ పల్సు గింజయో, ఏది దుమ్మో నిర్ణయించుట మన పని.

దూరము చెప్పు ఎన్‌కోడరు

గింజలను మాత్రమే లెక్కించిన చాలదా యని కొందరు అడుగుదురు. చాలదు. క్షణమునకు ఇన్ని గింజలు పడవలెనని పెట్టెకు నేర్పితిమనుకొనుడు. ట్రాక్టరు నెమ్మదించినపుడు గింజలు తగ్గుట సహజమే అయినను పెట్టె కేకలు పెట్టును. ట్రాక్టరు నిలిచినపుడు మరింత గోల చేయును. పట్టుమని పది నిమిషములలో డ్రైవరు దాని తీగ పీకివేయును. రైతునకు కావలసినది మీటరు సాలునకు ఎన్ని గింజలు పడినవను లెక్క. కావున దూరము కూడ తెలియవలెను. దూరము చెప్పునది ఎన్‌కోడరు.

ఎన్‌కోడరు లోపల అంచున సన్నని చీలికలు గల ఒక బిళ్ల ఉండును. బిళ్లకు ఒక ప్రక్క దీపము, రెండవ ప్రక్క వెలుగును గ్రహించు కన్ను ఉండును. ఇరుసు తిరిగినపుడు చీలిక వచ్చినచోట వెలుగు పడును, మూసిన చోట పడదు. ఒక్కొక్క చీలికకు ఒక్కొక్క పల్సు వచ్చును. బజారులో సులభముగా దొరకునది చుట్టునకు 600 పల్సులిచ్చునది. మన పనికి 100 పల్సులదైనను చాలును.

చక్రము వ్యాసము 50 సెంటీమీటరులైనచో చుట్టుకొలత 157 సెంటీమీటరులు. దానిని 600 చేత భాగించినచో పల్సు ఒకటికి 2.6 మిల్లీమీటరుల దూరము వచ్చును. ట్రాక్టరు గంటకు 4 కిలోమీటరుల వేగమున పోవునపుడు సెకండునకు 1.11 మీటరు నడచును. అనగా సెకండునకు సుమారు 424 పల్సులు. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు, ముందు దీనితో పని యున్నది.

ఎన్‌కోడరులో ‘ఏ’, ‘బి’ అను రెండు కన్నులుండును. రెండింటిని కొంచెము ఎడముగా అమర్చుటచే చక్రము ముందునకు పోవునపుడు ‘ఏ’ పల్సు ముందును, వెనుకకు పోవునపుడు ‘బి’ పల్సు ముందును వచ్చును. గట్టు దగ్గర ట్రాక్టరు వెనుకకు తీసినపుడు ఆ దూరమును కలుపక తీసివేయుటకు ఇది పనికివచ్చును. గొర్రును పైకెత్తినపుడు చక్రము గాలిలో తిరుగవచ్చును గనుక, ఎత్తినపుడు లెక్క ఆపు ఒక చిన్న స్విచ్చి కూడ పెట్టుట మంచిది.

తీగ కట్టు విషయమున ఒక హెచ్చరిక. ఈ ఎన్‌కోడరులలో చాలవరకు ‘ఓపెన్ కలెక్టరు’ రకమునకు చెందినవి. ఇవి తీగలోని వోల్టేజిని క్రిందికి లాగగలవు గాని పైకి ఎత్తజాలవు. ఏతముపై మనిషి బానను క్రిందికి వంచును. పైకి లేపునది వెనుక కట్టిన బరువు. అట్లే ఇచ్చట 4.7 కిలో ఓముల రెసిస్టరు ద్వారా తీగను 5 వోల్టులకు కట్టవలెను. ఆ రెసిస్టరును పొరపాటున ట్రాక్టరు బ్యాటరీకి కట్టినచో బోర్డు చెడిపోవు ప్రమాదము కలదు. ఇంజను నడచునపుడు బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు ఉండును. స్టార్టరు త్రిప్పినపుడు మరింత ఎగుడుదిగుడులు కలుగును. కావున బోర్డునకు నేరుగా బ్యాటరీ కలుపక, వాహనములలో సెల్ ఫోనులకు వాడు 5 వోల్టుల చార్జరు ద్వారా కరెంటు ఇయ్యవలెను. ఎన్‌కోడరు, సెన్సారులు, బోర్డు వీటన్నింటి గ్రౌండు తీగలు ఒకచోట కలిసియుండవలెను. ఇది మరచుటచే ‘పెట్టె పనిచేయుట లేదు’ అనుకొనుట సామాన్యము.

ఏ చక్రమునకు బిగించవలెను?

ఈ పెట్టె వలన మేలు కలుగునా, మోసము కలుగునా అనునది ఈ ప్రశ్నపైననే ఆధారపడి యున్నది. గొర్రునకు నేల చక్రము ఒకటి ఉండును. అది తిరిగినపుడే గొలుసు ద్వారా విత్తనపు పళ్లెములు తిరిగి గింజలు రాలును. ఇరుసు సిద్ధముగా నున్నది గనుక ఎన్‌కోడరును దానికే బిగించుట సులభము. చాలమంది అట్లే చేయుదురు.

అది తగదు. మెత్తని దుక్కిలో నేల చక్రము కొంత జారును. పళ్లెములను త్రిప్పు బరువు దానిపై నుండుటచే తిరుగవలసినంత తిరుగక ఈడ్చుకొని పోవును. నూరు మీటరులలో పది మీటరులు ఇట్లు ఈడ్చినచో ఆ మేరకు గింజలు రాలవు. మీటరునకు 10 పడవలసినచోట 9 మాత్రమే పడును. ఎన్‌కోడరు కూడ అదే చక్రముపై నున్నచో అదియు అంతే తక్కువ దూరము చెప్పును. తక్కువ గింజలను తక్కువ దూరముచే భాగించిన వచ్చునది మరల 10. పెట్టె అంతయు సవ్యముగా నున్నదని చెప్పుచుండగా నేలలో విత్తు లోపించును. సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటరుల దూరమున విత్తినపుడు ఎకరమునకు సుమారు 1,35,000 గింజలు పడవలెను. నూటికి పది జారినచో 13,500 మొక్కలు పోయినట్లు. ఇంత నష్టమును చూడలేని పెట్టె ఉండిన నేమి, లేకున్న నేమి?

కావున ఏ బరువును లాగని ఒక తేలిక చక్రమును గొర్రు వెనుక బందుతో వ్రేలాడదీసి, ఎన్‌కోడరును దానికి బిగించవలెను. అది ఎగిరిపడకుండ ఒక స్ప్రింగు నొక్కుచుండవలెను. చక్రమునకు మన్ను అంటినచో చుట్టుకొలత పెరిగి లెక్క మారును గనుక మన్ను గీకు రేకు ఒకటి తప్పక పెట్టుడు.

గింజను చూచు సెన్సారు

గొట్టమునకు ఒక ప్రక్క కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చు చిన్న దీపము, ఎదుటి ప్రక్క ఆ వెలుగును గ్రహించు కన్ను అమర్చుదురు. గింజ పడునపుడు వెలుగు అడ్డగింపబడి ఒక పల్సు వచ్చును. చెప్పుటకు ఇంతే. చేయునపుడు నాలుగు చిక్కులు గలవు.

మొదటిది కాలము. 30 సెంటీమీటరుల ఎత్తునుండి పడిన గింజ సెకండునకు సుమారు 2.4 మీటరుల వేగమందుకొనును. ఒక సెంటీమీటరు పొడవు గల వేరుశనగ పప్పు కంటి ముందునుండి పోవుటకు 4 మిల్లీ సెకండులు పట్టును. ఒక సెకండులో వేయింట నాలుగు భాగములన్న మాట. అంతకంటె ఆలస్యముగా చూచు పెట్టెకు గింజ కనబడదు.

రెండవది వెడల్పు. మూడు సెంటీమీటరుల గొట్టములో ఒకే కిరణమున్నచో గింజ ప్రక్కగా జారిపోవచ్చును. రెండు మూడు కిరణములు ఉండవలెను, లేదా ఆ చోట గొట్టమును బల్లపరుపుగా ఇరుకు చేయవలెను. రెండు గింజలు అంటుకొని పడినచో సెన్సారు ఒకటిగనే లెక్కించును. బద్దలైన పప్పును కూడ నిండు గింజగనే లెక్కించును. ఈ లోపము చవక సెన్సారునకు పోదు.

మూడవది ధూళి. మాంకోజెబ్ వంటి మందుపొడితో విత్తన శుద్ధి చేసినపుడు ఆ పొడి రాలి కంటికి పొరవలె పట్టును. దానికి ఎర్రమట్టి దుమ్ము తోడగును. విత్తనపు పెట్టె నింపిన ప్రతిసారియు మెత్తని పొడిగుడ్డతో గొట్టముల కన్నులను తుడువవలెను. ఎండ నేరుగా కంటిలో పడినను అది గింజను చూడలేదు. ఆ చోట గొట్టము నల్లనిదై యుండుట మేలు.

నాలుగవది స్థానము. సెన్సారు పైన నున్నదనుకొనుడు. మన్ను క్రింద కర్రు వద్ద పూడినది. గొట్టము నిండువరకు గింజలు సెన్సారును దాటి పడుచునే యుండును, పెట్టె ఊరకుండును. గొట్టము నిండిన తరువాత గాని కూత వినబడదు. అంతలో కొన్ని పదుల మీటరులు గడచిపోవును. కావున సెన్సారును వీలైనంత క్రిందుగా పెట్టుట మేలు. క్రిందికి పోయినకొలది దుమ్ము, తడి ఎక్కువగును. కర్రునకు ఒక జానెడు పైన పెట్టి, తరచు తుడుచుట మధ్యమార్గము.

ప్రోగ్రాము వ్రాయువానిని అడుగవలసినవి

రైతు ప్రోగ్రాము వ్రాయనక్కరలేదు. వ్రాసిన వానిని రెండు ప్రశ్నలడిగిన చాలును.

‘డిలే’ అను మాట ప్రోగ్రాములో ఉన్నదా? ఆ మాట చెప్పినచోట బోర్డు ఏమియు చేయక కన్ను మూసికొని కూర్చుండును. ఒక సెకండు ఆగుమని వ్రాసినచో, పైన చెప్పిన 424 పల్సులును, సాలునకు పడిన 11 గింజలును లెక్కకు రాకపోవును. దీనికి బదులు ‘ఇంటరప్టు’ అను పద్ధతి వాడవలెను. పిలుపు వినబడగనే చేతిలోని పని ఆపి పలికి, తిరిగి పనిలో పడినట్లు, పల్సు వచ్చిన క్షణమున బోర్డు దానిని లెక్కించి మరల తన పని చూచుకొనును. ఊనో బోర్డులో 2, 3 అంకెలు గల కాళ్లకు ఈ సౌకర్యము నేరుగా కలదు. మిగిలిన కాళ్లకు గుంపుగా ఇచ్చు ఏర్పాటు కలదు గనుక ఎనిమిది సాళ్లకును సరిపోవును.

రెండవ ప్రశ్న: దూరపు లెక్కను ‘ఇంట్’లో ఉంచితివా, ‘లాంగ్’లో ఉంచితివా? ఇవి ప్రోగ్రాములో అంకెలు నిలువ చేయు గాదెల పేర్లు. ఈ బోర్డులో ‘ఇంట్’ అను గాదె 32,767 వరకే పట్టును. అది నిండగనే అంకె ఒక్కసారిగా ఋణసంఖ్య యగును. మన చక్రముతో 32,767 పల్సులనగా సుమారు 85 మీటరులు. ఇంటి ముంగిట పరీక్షించునపుడు అంతయు బాగుండును. పొలములో పొడవైన సాలు సగము దాటగనే పెట్టె పిచ్చి లెక్కలు చెప్పును. తీగలు తప్పనియు, ఎన్‌కోడరు చెడినదనియు తలచి విప్పుట మొదలుపెట్టుదురు. ‘లాంగ్’ అను గాదె రెండు వందల కోట్లకు పైగా పట్టును.

కూత ఎప్పుడు వేయవలెనను విషయమున మా సలహా యిది. ఒక్కొక్క గింజ తప్పినపుడెల్ల కూత వేసినచో ఎవరును వినరు. రెండు మీటరులకు ఒకసారి లెక్క చూచి, 20 పడవలసినచోట 14 కంటె తక్కువ పడిన సాలునకు మాత్రమే దీపము వెలిగి కూత వచ్చునట్లు చేయుడు. అనుభవమును బట్టి ఈ అంకెను మార్చుకొనవచ్చును.

పదును రాకముందే పరీక్ష

విత్తు దినమున పెట్టెను మొదటిసారి నమ్మరాదు. వేసవిలోనే మూడు పరీక్షలు చేయవలెను.

నూరు గింజలను చేతితో లెక్కించి, ఒక్కొక్క గొట్టములో గొర్రు వదలు వేగముననే వదలుడు. ఐదు సార్లు చేసి పెట్టె చెప్పిన అంకెలు వ్రాసికొనుడు. ప్రతిసారి 93, 94, 95 వచ్చినచో ఆ సెన్సారు మంచిదే. నూటికి ఆరు కలుపుకొనిన సరిపోవును. ఒకసారి 98, మరియొకసారి 80 వచ్చినచో సగటు బాగున్నను దానిని నమ్మరాదు. ఒకే విధముగా తప్పుదానిని సరిదిద్దవచ్చును. మాటిమాటికి మారుదానిని సరిదిద్దలేము.

రెండవది దూరము. రోడ్డుపై గాక, దున్నిన పొలములోనే టేపుతో 20 మీటరులు కొలిచి కర్రలు పాతుడు. గొర్రు దింపి ఆ దూరము మూడుసార్లు నడిపి పల్సులు చూడుడు. లెక్క ప్రకారము 7,640 రావలెను. మెత్తని నేలలో 7,100 వచ్చినదనుకొనుడు. అప్పుడు పల్సు ఒకటికి 2.6 కాక 2.8 మిల్లీమీటరులని ప్రోగ్రాములో మార్చవలెను. పుస్తకములోని చుట్టుకొలత కంటె మీ పొలములోని టేపు ముఖ్యము.

మూడవది మన్ను త్రవ్వి చూచుట. కొద్ది గింజలు విత్తి, పెట్టె మంచి లెక్క చెప్పినచోట ఒకటి, తక్కువ చెప్పినచోట ఒకటి, రెండేసి మీటరుల సాలు విప్పి గింజలను ఏరి లెక్కింపవలెను. విత్తు దినమున కూడ పూటకొకసారి ఇట్లు చూచుట వృథా కాదు.

మొలక రానపుడు

పెట్టెకు చిన్న మెమరీ కార్డు తగిలించి, రెండేసి మీటరుల లెక్కను సాలు వారీగా వ్రాయించినచో మరియొక లాభము కలదు. మొలక పలుచగా వచ్చినపుడు విత్తనము మంచిది కాదని రైతు, గొర్రు సరిగా నడువలేదని విత్తనము అమ్మినవారు, నేల పదును చాలలేదని గొర్రు యజమాని, తలకొక మాట చెప్పుదురు. కార్డులో గింజ పడినట్లున్నచో గొర్రు తప్పు కాదు. విత్తన మొలక శక్తిని, తెగుళ్లను, చీమలను, విత్తిన లోతును చూడవలెను. గింజ పడనట్లున్నచో యంత్రమును చూడవలెను. ఏ సాలులో, ఎంత దూరమున అనునది కూడ తెలియును గనుక నేల ఆరకముందే ఖాళీలలో చేతితో విత్తుకొనుటకు అవకాశమగును. ఆ లెక్క పరీక్షించిన పెట్టెది అయియుండవలెను. లేకున్న అదియు ఒక మాట మాత్రమే.

రెండు మూడు ఎకరములు గల రైతు దీనికై ఖర్చు పెట్టనక్కరలేదు. బాడుగకు వచ్చిన గొర్రును మొదటి సాలులోనే ఆపి మన్ను విప్పి చూచుకొనిన చాలును. ఊరూర తిరిగి బాడుగకు విత్తు ట్రాక్టరు యజమానులును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును పెట్టుకొనదగినది ఇది. సీజనులో వందల ఎకరములు విత్తు గొర్రునకు ఈ ఖర్చు లెక్కలోనిది కాదు.

విత్తుట ముగిసిన తరువాత ఇదే బోర్డును నేల తేమ సెన్సారునకు వాడుకొనవచ్చును. అచ్చట పల్సులుండవు, వోల్టేజిని 0 నుండి 1023 వరకు అంకెగా చెప్పును. కెపాసిటివ్ రకపు సెన్సారులో తేమ పెరిగినకొలది అంకె తగ్గుటను చూచి కంగారు పడరాదు. రెండు పుల్లల రెసిస్టివ్ రకము ఇంకను చవకయే గాని, తడి నేలలో కరెంటు పారుటచే పుల్లలు కొద్దికాలముననే తినివేయబడును. ఏది వాడినను మీ పొలపు మట్టిని ఎండబెట్టి ఐదు కిలోలు తూచి, పావు లీటరు చొప్పున నీరు కలుపుచు ప్రతిసారి అంకె వ్రాసికొనినచో మీ నేలకు పట్టిక ఏర్పడును. ఎర్ర నేల పట్టిక నల్ల రేగడికి పనికిరాదు. రేగడిలో నెర్రెలు విచ్చినపుడు సెన్సారు చుట్టు గాలి చేరి, తేమ ఉన్నను పొడి అని చెప్పును. అట్టి సమయమున దానిని పెరికి ప్రక్కన గట్టి చోట మరల దింపవలెను.

ఎన్‌కోడరును, బోర్డును సీజను ముగియగనే విప్పి, దుమ్ము తుడిచి, తీగలకు ఏ సాలునకు ఏదియో చీటీలు కట్టి పొడిచోట భద్రపరచుడు. ఎలుకలు తీగలను కొరుకును గనుక విత్తనపు బస్తాల గదిలో ఉంచరాదు.